పదకొండో గడి

రసమట్టం రెండోసారి లేచింది.

మొదటి దెబ్బకే మేస్త్రీ కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి కారి ఎదుటి మనిషి సగమే కనబడుతున్నాడు. రెండో దెబ్బ పడి ఉంటే ఆ కన్ను పోయేదే. ప్రెసిడెంటు భార్య, మేస్త్రీ పెళ్లానికి వదిన, అడ్డం వచ్చి మొగుడి చేతిని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది. మూడడుగుల అల్యూమినియం బద్ద ఆమె భుజాన్ని గీరుకుంటూ వెళ్లి బల్ల మీది గాజు జగ్గుకు తగిలింది. నీళ్లూ, గాజు పెంకులూ ప్రెసిడెంటు ఇంటి ముందుగదంతా పరుచుకున్నాయి.

"వదులు! వదలమంటున్నానా!"

"వదల్ను. ముందు అది కింద పెట్టండి. గోడ వంకర చూసుకునే సామాను అది. మనుషుల్ని కొట్టడానికి కాదు."

బల్లకి ఆ చివర కార్యదర్శి టీ తాగుతున్నాడు. ఇంటీరియర్ కాంట్రాక్టర్ల సంఘానికి పధ్నాలుగేళ్లుగా ఆయనే కార్యదర్శి. ఈలోగా నలుగురు ప్రెసిడెంట్లు మారారు గానీ ఆయన మారలేదు. జగ్గు పగిలినప్పుడు ఆయన చేసిందల్లా తన కప్పుని కాస్త పక్కకి జరుపుకోవడమే.

మేస్త్రీ ఈసారి ఊరుకోలేదు. పక్కనున్న కుర్చీ ఎత్తి విసిరాడు. అది సరిగ్గా ప్రెసిడెంటు మోకాలికి తగిలింది. ఆ పెద్దమనిషి బూతు తిడుతూ కూలబడ్డాడు. మరుక్షణం ఇద్దరూ గాజు పెంకుల మీద దొర్లుతున్నారు.

ఇంజనీరమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె అన్నయ్య ప్రెసిడెంటు చెయ్యి, ఆమె మొగుడు మేస్త్రీ గొంతు మీద ఉంది.

నిన్నటి నుంచి ఆసుపత్రి వరండాలో నిలబడి వచ్చిన మనిషి ఆమె. కాళ్లకి సైటు బూట్లు కూడా విప్పలేదు. ఆ బూటుతోనే వెళ్లి అన్నగారి మణికట్టు మీద కాలు వేసి తొక్కింది. ప్రెసిడెంటు కెవ్వుమన్నాడు. చెయ్యి వదిలాడు.

"లెండి ఇద్దరూ. అక్కడ ఒకడు ఊపిరి అందక చస్తుంటే ఇక్కడ మీరు ఒకరి ఊపిరి ఒకరు తీసుకుంటున్నారా?"

మేస్త్రీ కన్ను తుడుచుకుంటూ అడిగాడు. "ఎలా ఉన్నాడు?"

"మెషీను ఊపిరి తీస్తోంది. వాడు తియ్యట్లేదు."

 వదిన భుజం పట్టుకుని గోడకి చేరగిలబడింది.

వాడంటే డ్రిల్లు. ఇరవయ్యేళ్లుగా శ్లాబులకి రంధ్రాలు వేస్తూ వేస్తూ అసలు పేరు పోయి ఆ పేరే మిగిలింది. నిన్న ఉదయం పదిన్నరకి, మూడో అంతస్తు ఆఫీసులో, లైట్ల కోసం సీలింగుకి కన్నాలు కోస్తుంటే పద్దెనిమిది గడుల సీలింగులో పదకొండో గడి మొత్తం ఊడి, ఏసీ గొట్టంతో సహా వాడి మీద పడింది. పరంజా కూడా వాడి మీదే పడింది. కొత్త సీలింగుని, శ్లాబుకి కన్నాలు వేసి కొత్త బోల్టులతో వేలాడదీయాలి. ఇక్కడ మాత్రం, ఖాళీ చేసి వెళ్లిన పాత ఆఫీసువాళ్లు వదిలేసిన తుప్పు కడ్డీలకే తగిలించారు.

"మీరు వచ్చింది మంచిదైందమ్మా," అన్నాడు కార్యదర్శి, కప్పు దించి. "పదకొండుకి సంఘం అత్యవసర సమావేశం. ఈలోగా ఈ కాగితం మీద మేస్త్రీ గారి సంతకం కావాలి. అది అడిగినందుకే ఇదంతా."

ఆమె కాగితం తీసుకుని చదివింది. 'పై అధికారులెవరికీ తెలియకుండా, నా సొంత నిర్ణయంతో, పాత కడ్డీలకు సీలింగు బిగించాను. జరిగిన ప్రమాదానికి పూర్తి బాధ్యత నాదే.'

"ఇది అబద్ధం."

"అబద్ధమని ఎలా అంటామమ్మా? బిగించింది ఆయనేగా."

"బిగించమంది ఎవరు?"

ప్రెసిడెంటు మోకాలు రుద్దుకుంటూ సోఫాలోకి పాకాడు. "నేనే. ఫోన్లో చెప్పాను. ఆదివారం తప్ప డ్రిల్లింగు చెయ్యనివ్వని బిల్డింగు. సోమవారం ప్రారంభం. ఏం చెయ్యమంటావ్? ఊళ్లో పాత కడ్డీలు వాడని కాంట్రాక్టరు ఒక్కణ్ణి చూపించు."

"సంఘం నియమాల పుస్తకంలో పదిహేడో నియమం ఎవరు రాశారన్నయ్యా?"

ప్రెసిడెంటు పళ్లు కొరికాడు. కార్యదర్శికి మాత్రం అలవాటు ఊరుకోదు కదా. "'గత అద్దెదారు వదిలిన కడ్డీలకు కొత్త సీలింగు వేలాడదీయరాదు.' అన్నగారే రాశారు. చాలా బాగా రాశారు. ఆ రోజు లేచి నిలబడి చప్పట్లు కొట్టాం."

"నువ్వు నోరు ముయ్యి!" అన్నాడు ప్రెసిడెంటు.

"చిత్తం."

మేస్త్రీ గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నేను సంతకం పెట్టను. మీరు చెప్పారు, నేను చేశాను. ఇద్దరి పేర్లూ రాయండి, ఇప్పుడే పెడతాను."

"చూడు మేస్త్రీ..."

ఒకప్పుడు ప్రెసిడెంటు దగ్గర పని చేసిన మనిషే మేస్త్రీ. చెల్లెల్ని చేసుకుని పన్నెండేళ్లయింది. 'బావా' అని ఒక్కసారైనా నోరారా పిలిచిన పాపాన పోలేదు ప్రెసిడెంటు. ఇవాళ అవసరం ఇంత ఉండి కూడా ఆ మాట నోట రాలేదు.

"చూడు మేస్త్రీ. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరితో ఆగదు. సీలింగు మూసేముందు ఇంజనీరు ఒక్కో గడీ ఎక్కి చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. పద్దెనిమిది గడులకీ సంతకం పెట్టింది ఎవరు? నీ పెళ్లాం." చెల్లెలి వైపు తిరిగాడు. "ఎన్ని గడులు ఎక్కి చూశావ్? చెప్పు. నీ మొగుడి ముందే చెప్పు."

ఆమె జవాబు చెప్పలేదు. చూసింది ఒక్క గడి. తలుపు పక్కనున్న మొదటిది. దాని కడ్డీ పట్టుకుని లాగి చూసింది, కదల్లేదు, దిగి అన్నిటికీ కలిపి సంతకం పెట్టేసింది. ఈ పనిలో ఉన్న ఇంజనీర్లందరూ అలాగే చేస్తారు. అలా చెయ్యని వాణ్ణి చాదస్తం మనిషని నవ్వుతారు కూడా.

"విన్నావా మౌనం?" అన్నాడు ప్రెసిడెంటు మేస్త్రీతో. మళ్లీ చెల్లెలికి చెప్పాడు. "ఈయన ఒక్కడూ ఒప్పుకుంటే ఈయనతో ఆగుతుంది. లేదంటే పోలీసులు మొట్టమొదట చూసేది నీ సంతకమే. జైల్లో నువ్వు కూర్చుంటావు."

మేస్త్రీ భార్యని చూశాడు. ఒక్క కంటితోనే చూశాడు. తర్వాత కార్యదర్శి ముందు చెయ్యి చాపాడు, కలం కోసం.

"వద్దు," అని ఆమె కాగితం లాక్కోబోయింది.

అతను భుజం పెట్టి ఆమెని తోసేశాడు. పన్నెండేళ్లలో ఎప్పుడూ చెయ్యి చేసుకోని మనిషి. ఆమె వెనక్కి పడి బల్ల అంచుకి నడుం కొట్టుకుంది. అతను వంగి సంతకం పెడుతుంటే కనుబొమ్మ నుంచి రెండు చుక్కలు కాగితం మీద రాలాయి.

కార్యదర్శి కాగితం ఎత్తి వెలుగులో చూశాడు. "రక్తం పడింది. ఇది చెల్లదు." సంచిలోంచి ఇంకోటి తీశాడు. "ఇంకో కాపీ ఉందిలెండి. కాస్త కళ్లు తుడుచుకుని పెట్టండి."

"ఇంకో కాపీ!" వదిన ఒక్కసారిగా పెద్దగా నవ్వింది. ఆ నవ్వు వింటే భయం వేసింది. "ఎన్ని తెచ్చావయ్యా? మనిషి దగ్గర ఎంత రక్తం ఉంటుందో లెక్క వేసుకునే వచ్చావా?"

మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. రెండో కాగితం మీద సంతకం శుభ్రంగా పడింది.

*

స్నానాల గదిలో ఇంజనీరమ్మ దూది తడిపి మొగుడి గాయం తుడుస్తోంది. తుడవడం కంటే నొక్కడం ఎక్కువగా ఉంది.

"నెమ్మదిగా."

"నన్ను తోసినప్పుడు నెమ్మదిగా తోశారా?"

"తోయకపోతే చింపేసేదానివి."

"చింపేదాన్నే. ఇప్పుడైనా చింపుతాను."

"ఏం లాభం? ఒకరు పోవాలి. నేను పోతాను. ఇంట్లో నువ్వుంటావు." అద్దంలో తన ముఖం చూసుకుంటూ అన్నాడు. "తప్పు నీది కాదు. నువ్వు చూసిన గడి గట్టిగానే ఉంది."

"నిజమే. చాలా గట్టిగా ఉంది. అక్కడొక్కటీ ఎలా గట్టిగా ఉందని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను."

అతను దూది కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"చెప్పండి."

"తలుపు పక్క గడికి ఎప్పుడూ కొత్త బోల్టులే వేస్తాం. ఎవరొచ్చినా చూసేది అదొక్కటేగా."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"నా సైట్లన్నిట్లో?"

అతను అద్దంలోకి చూస్తూనే తలూపాడు. పన్నెండేళ్లుగా ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికిన మనుషులు. పొద్దున అతను బిగించేవాడు, సాయంత్రం ఆమె చూసేది, దారిలో ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు. ఆమె చూస్తుందని తెలిసిన చోటే అతను బాగా బిగించేవాడు.

ఆమె చెయ్యి లేచింది. గాయం ఉన్న వైపే, అరచేత్తో, చెంప ఛెళ్లుమనేలా కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి పిడికిలితో ఛాతీ మీద కొట్టింది. అతను అద్దానికి ఆనుకుని అన్నీ తిన్నాడు. ఆగిన రక్తం మళ్లీ మొదలైంది.

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు అడగలేదు."

"ఎక్కి చూడాల్సింది నేనే. చూడలేదు. కానీ అక్కడ ఏముందో నీకు తెలుసు. నా పక్కన పడుకుని కూడా చెప్పలేదు."

ఆమె అతన్ని నువ్వు అన్నది పెళ్లయ్యాక అదే మొదటిసారి. అతనికీ ఆ సంగతి తెలిసింది. తల దించుకున్నాడు.

బయటి నుంచి కార్యదర్శి తలుపు తట్టాడు. "టైమవుతోంది. కట్టు కాస్త చిన్నది కట్టండమ్మా. హాల్లో అందరూ చూస్తారు."

*

సంఘం హాలు కిటకిటలాడుతోంది. రెండువందల కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. సీలింగులవాళ్లూ, పార్టిషన్లవాళ్లూ, గాజు పనివాళ్లూ, ఊళ్లో ఆఫీసు లోపలి పని చేసే ప్రతి కాంట్రాక్టరూ ఉన్నాడు. అందరి ముఖాల్లోనూ ఒకటే భయం. పడ్డది నాది కానందుకు సంతోషం కూడా దాని వెనకే ఉంది.

స్టేజి మీద భద్రతా వారోత్సవం బ్యానర్ ఇంకా తీయలేదు. అందులో పసుపు హెల్మెట్ పెట్టుకుని ప్రెసిడెంటు నవ్వుతున్నాడు. దాని కింద అసలు ప్రెసిడెంటు కుంటుకుంటూ మైకు దగ్గరికి వచ్చాడు. మొదటి వరసలో మేస్త్రీ కట్టుతో కూర్చున్నాడు. ఏమైందని అడిగిన వాళ్లకి తలుపు తగిలిందన్నాడు. పక్కన ఇంజనీరమ్మ ఉంది. వదిన రాలేదు.

ప్రెసిడెంటు కాగితం చదివాడు. గొంతులో దుఃఖం ఎక్కడ పలికించాలో అక్కడ పలికించాడు. "నా సొంత మనిషే. అయినా సంఘం కంటే ఎవరూ ఎక్కువ కాదు. మేస్త్రీ గుర్తింపు రద్దు చేసి, ఈ కాగితం పోలీసులకి అప్పగించాలని తీర్మానం పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. అంత చురుగ్గా ఆ సంఘంలో ఏ తీర్మానానికీ లేవలేదు. కార్యదర్శి లెక్కపెట్టకుండానే 'ఏకగ్రీవం' అని రాసుకుని, కాగితం జేబులో పెట్టుకుని పక్క తలుపులోంచి బయటికి జారుకున్నాడు.

అప్పుడు పెద్ద తలుపు తెరుచుకుంది.

వచ్చింది రంగులక్క. డ్రిల్లుకి అక్క. గోడలకి పుట్టీ పట్టి రంగులేసే మనిషి. తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచి తనే పెంచింది. మోచేతుల దాకా ఎండిన పుట్టీ తెల్లగా అంటుకుని ఉంది. నిన్న పని మధ్యలో పరిగెత్తినప్పటి పుట్టీ, కడుక్కునే తీరిక లేకపోయింది. ఆమె వెనక పదిహేనుమంది పనివాళ్లున్నారు.

"పదకొండుం పావుకి పోయాడు," అంది.

హాలు బిగుసుకుపోయింది. ప్రెసిడెంటు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సంఘం తరఫున అందరం లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం..."

"మౌనం మీ ఇంట్లో పాటించుకో. నాకొకటి చెప్పు. వాడి నెత్తి మీదున్నదాన్ని ఎవరు చూశారు? ఎవరు చూసి బాగుందన్నారు?"

"అమ్మా, మేస్త్రీ ఒప్పుకున్నాడు. పాత కడ్డీలకి తనే బిగించాడట. రాసిచ్చాడు."

రంగులక్క ఇంకేమీ అనకముందే పనివాళ్లు మొదటి వరసలో పడ్డారు. ఒకడు మేస్త్రీ జుట్టు పట్టి లేపాడు, ఇంకొకడు పొట్టలో మోకాలితో పొడిచాడు. కట్టు ఊడిపోయింది. కుర్చీలు తిరగబడ్డాయి. వీళ్లందరితో ఒకే పరంజా మీద నిలబడి పని చేసినవాడు మేస్త్రీ. ఒక్కరి మీదా చెయ్యెత్తలేదు. తల కూడా కాపాడుకోలేదు. కింద పడ్డాక తన్నడం మొదలుపెట్టారు.

"ఆపండి! సంతకం నాది!"

ఎవరూ వినలేదు. ఇంజనీరమ్మ స్టేజి ఎక్కి అన్నగారిని పక్కకి నెట్టి మైకు లాక్కుంది. "ఆయన్ని వదలండి. చూసి బాగుందన్నది నేను. సంతకం నాది."

కాళ్లు ఆగాయి.

"దిగు కిందికి," అన్నాడు ప్రెసిడెంటు, పళ్ల మధ్య నుంచి.

"పద్దెనిమిది గడులకి..."

ప్రెసిడెంటు చెల్లెలి చెంప మీద కొట్టాడు. మైకు దగ్గరగా ఉంది కదా, ఆ దెబ్బ హాలు నాలుగు మూలలా వినిపించింది. ఆమె పెదవి చిట్లింది. మైకు మాత్రం వదల్లేదు.

"పద్దెనిమిది గడులకి సంతకం పెట్టాను. ఎక్కి చూసింది ఒకటి. రంగులక్కా, నీకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను నిచ్చెన దిగుతుంటే నీ తమ్ముడు వచ్చి అడిగాడు. 'ఇంజనీరమ్మా, ఆ చివర్న కూడా ఒకసారి ఎక్కి చూడండి, నాకు నచ్చట్లేదు' అన్నాడు. అప్పుడే అన్నయ్య ఫోన్ చేస్తున్నాడు, అయిందా అయిందా అని. నేను మీ వాడితో రేపు చూస్తాలే అన్నాను. అని సంతకం పెట్టేశాను."

రంగులక్క కదల్లేదు. ముఖంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"నన్నేం చేసినా చెయ్యి. కానీ ఒక్కటి అడగనీ." ఇంజనీరమ్మ హాలు వైపు తిరిగింది. "ఇప్పుడు చేతులెత్తారుగా అందరూ. మీలో అన్ని గడులూ ఎక్కి చూశాకే సంతకం పెట్టినవాళ్లు, పెట్టించినవాళ్లు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి."

రెండువందల మంది కూర్చునే ఉన్నారు. గోడల వెంట నిలబడ్డవాళ్లు కూర్చోవడానికి చోటు లేక ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ముందు వరసలో ఒక ముసలాయన దగ్గాడు, అంతే.

ప్రెసిడెంటుకి అది తట్టుకోలేని అవమానం. చెల్లెలి జడ చేతికి చుట్టి స్టేజి అంచుకి ఈడ్చాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. అప్పుడు లేచాడు మేస్త్రీ. ఎన్ని తన్నులు తిన్నాడో అన్నీ మర్చిపోయినట్టు లేచి, స్టేజి మీదికి ఎగబాకి, బావగారి నడుం పట్టుకుని బల్ల మీదికి విసిరాడు. బల్లతో పాటు షీల్డులూ, పూలకుండీలూ, నియమాల పుస్తకాల కట్టలూ కింద పడ్డాయి. మేస్త్రీ ఒక షీల్డు అందుకుని ప్రెసిడెంటు ముఖం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు వినబడింది.

"చాలు," అంది రంగులక్క.

పెద్దగా కూడా అనలేదు. మేస్త్రీ చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆమె ఒక పనివాడి నడుము నుంచి సుత్తి లాక్కుని స్టేజి మీదికి వచ్చింది. కింద పడిన బల్లని నిలబెట్టించి, దాని మీదికి ఎక్కింది. అందరూ ఆమె ఎవరి తల మీద వెయ్యబోతోందా అని చూస్తున్నారు. ఆమె పైకి చూసింది.

"ఈ హాలు సీలింగు ఎవరు వేశారు?"

ప్రెసిడెంటు ముక్కు పట్టుకుని పక్కకి ఒత్తిగిల్లాడు. వెనక నుంచి ఎవరో అన్నారు. "ఆయనే. సంఘానికి విరాళంగా వేయించాడు."

సుత్తి జిప్సం బోర్డుని పగలగొట్టింది. తెల్లటి పొడి ఆమె మీద, ప్రెసిడెంటు మీద, బ్యానర్ మీద రాలింది. రెండు దెబ్బలకి గడి తెరుచుకుంది. పైన నాలుగు కడ్డీలు కనబడ్డాయి. నల్లగా తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి సగానికి విరిగిపోతే దాన్ని తీగతో కట్టారు.

రంగులక్క వేలితో ఆ తీగని మీటింది. ఊగింది.

మొదట లేచింది ముసలాయన. ఆయన లేవగానే ఇరవైమంది లేచారు. తర్వాత కుర్చీలు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండువందల మంది ఒకే తలుపు మీద పడ్డారు. ఒకరి మీద ఒకరు ఎక్కారు, మోచేతులతో పొడుచుకున్నారు, అడ్డం పడిన వాణ్ణి తొక్కేశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సీలింగుల కింద బతికే మనుషులు, తల మీద ఏముందో తెలిసిన పది క్షణాలకే ఒకరికొకరు శత్రువులయ్యారు. హాలు ఖాళీ అయ్యేసరికి గుమ్మంలో చెప్పులూ, ఊడిన పళ్లూ, రక్తం మిగిలాయి.

స్టేజి మీద నలుగురు మిగిలారు. పనివాళ్లు గోడకి ఆనుకుని చూస్తున్నారు.

రంగులక్క బల్ల దిగి సుత్తిని ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది.

"స్టేజి వెనక నిచ్చెనుంది. ఎక్కు."

"అక్కా..."

"అక్కా అనకు. ఎక్కు. తలుపు పక్కది ముందు చూడు. ఇక్కడెన్ని గడులున్నాయి?"

"పధ్నాలుగు."

"పధ్నాలుగూ చూడు. మీద పడితే పడనీ. నిచ్చెన నేను పట్టుకుంటాను. పడితే నా మీద కూడా పడుతుంది."

ఇంజనీరమ్మ నిచ్చెన తెచ్చింది. సుత్తి పట్టుకుని ఎక్కింది. తలుపు పక్క గడి పగలగొట్టింది. కడ్డీలు తళతళ మెరుస్తున్నాయి. కొత్త బోల్టులు. పట్టుకుని వేలాడినా కదలవు. ఆమె కిందికి చూసింది. నేల మీద కూర్చున్న మేస్త్రీ ముఖం తిప్పుకున్నాడు.

"రెండోది," అంది రంగులక్క.

రెండోది పాతది. మూడోది కూడా పాతదే. నాలుగోది పగలగొట్టగానే బోర్డు ముక్క ఒకటి ఊడి నిచ్చెన మీద పడి, ఆమె భుజం తోలు లేపుకుపోయింది. ఆమె పట్టు తప్పి రెండు మెట్లు జారింది. రంగులక్క తన వీపు అడ్డం పెట్టి ఆపింది. మళ్లీ ఎక్కించింది. ఇద్దరి ముఖాలూ తెల్లటి పొడిలో ఒకేలా ఉన్నాయి.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. పోలీసు అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక కార్యదర్శి. అధికారి చేతిలో మడత విప్పిన కాగితం ఉంది.

"మేస్త్రీ ఎవరు?"

"నేనే," అన్నాడు మేస్త్రీ, లేవడానికి ప్రయత్నిస్తూ.

"ఆయనొక్కడే కాదు!" ఇంజనీరమ్మ నిచ్చెన పైనుంచి అరిచింది. "బిగించింది ఆయన, చూడకుండా సంతకం పెట్టింది నేను, బిగించమంది మా అన్నయ్య. ముగ్గుర్నీ తీసుకెళ్లండి."

ప్రెసిడెంటు చేతి రుమాలులోంచి ముక్కుతో మాట్లాడాడు. "మొగుడి కోసం చెబుతోంది సార్. ఆడకూతురు కదా."

"కాగితంలో అలా లేదే," అన్నాడు అధికారి. పగిలిన సీలింగునీ, తిరగబడ్డ కుర్చీలనీ, ఒకరినొకరు చావగొట్టుకున్న ఈ కుటుంబాన్నీ చూసి విసుగ్గా నుదురు రుద్దుకున్నాడు. చివరికి రంగులక్క దగ్గరికి వచ్చాడు.

"పోయినతనికి మీరేమవుతారు?"

"అక్కని."

"ఫిర్యాదు ఇవ్వాల్సింది మీరు. మీ మాటే రాసుకుంటాను. చెప్పండి, ఎవర్ని తీసుకెళ్లమంటారు?"

ముగ్గురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. కార్యదర్శి కూడా కలం మూత తీశాడు.

రంగులక్క నిచ్చెనని రెండు చేతులా ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇంకా తొమ్మిది గడులున్నాయి," అంది. "అవి కూడా చూడనీ. అప్పుడు చెబుతాను."